పాత గొంతు

మా ఇంట్లో ‘మీ ఇష్టం’ అంటే వద్దని అర్థం. పెళ్ళైన కొత్తలోనే ఈ సంగతి మా ఆయనకి తెలిసిపోయింది, ఎవరూ చెప్పకుండానే. ముందుగదికి పచ్చరంగు వేయిద్దామా అన్నాడు, మీ ఇష్టం అన్నాను, వేయించలేదు. స్నేహితుడితో కలిసి లారీ కొంటానన్నాడు, మీ ఇష్టం అన్నాను, ఆ స్నేహితుడు ఇప్పటికీ నన్ను చూసి మొహం తిప్పుకుంటాడు. ఆయనా తక్కువ తినలేదు. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంటానంటే ‘నీ ఇష్టం’ అన్నాడు, ఆ జడ ఇవాళ్టికీ నా వీపు మీదే వేలాడుతోంది. అలాంటి మనిషి, ఇంత కాపురం చేశాక, ఇవాళ పొద్దున నేను మీ ఇష్టం అంటే నిజంగానే తన ఇష్టం అనుకుని ఆ బొత్తాం నొక్కాడా? అనుకునే నొక్కాడా, తెలిసే నొక్కాడా? ఈ కంప్యూటర్ల రిపేరు షాపులో, ఒక కాలు పొట్టైపోయిన స్టూలు మీద, పడిపోకుండా పాదం ఆనించి కూర్చుని నేను ఆలోచిస్తున్నది అదొక్కటే. ఆయన నా పక్కనే బెంచీ మీద ఉన్నాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వీధిలోకి చూస్తున్నాడు, ఎవరిదో కంప్యూటరు పాడైతే తోడుగా వచ్చినవాడిలాగా.

గోడ గడియారంలో ఐదు దాటింది. ఆరింటికి వదిన ఫోను. మా వదిన, అంటే మా ఆయన అక్కయ్య, ప్రతి ఆదివారం రేడియోలో వార్తలు అవ్వగానే ఫోను చేస్తుంది. కళ్ళు కనబడకపోయినా ఫోనులో అంకెలు వేళ్ళకే వచ్చు ఆవిడకి. ఆరింటికల్లా ఈ పెట్టె మా ఆయన గొంతుతో మాట్లాడాలి. మాట్లాడకపోతే నేనేం చెప్పాలి? జలుబు చేసిందని ఒకసారి చెప్పొచ్చు, ఊరెళ్ళారని ఇంకోసారి చెప్పొచ్చు, ఆ తర్వాత? ఏడాదిగా కట్టుకొచ్చిన అబద్ధం, ఒక్క దారం లాగితే కుట్టు మొత్తం ఊడిపోతుంది. బట్టలు సరిచేసే పని నాది, కుట్లు ఎలా ఊడతాయో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

“ఇంకా కాపీ అవుతోందక్కా” అంది రిపేరు చేసే ఆవిడ, నేను అడక్కముందే. నా ఈడుకి కాస్త చిన్నది, నుదుటి మీద లైటు కట్టుకుంది, విప్పిన మరలన్నీ ఒక సీసా మూతలో పోసుకుని, మధ్య మధ్య దాన్ని కదిపి చూసుకుంటోంది. తెర మీద ఒక సన్నటి పట్టీ నిండుతోంది. నిండుతోందని ఆవిడ అంటోంది, నాకైతే మా ఆయన గడ్డం పెరిగినంత వేగంగా కూడా కనబడటం లేదు. ముందు ఉన్నదంతా వేరేచోట దాచాకే లోపల చెయ్యి పెడతానంది. మంచిదే. జాగ్రత్త గల మనిషి. కానీ జాగ్రత్త గల మనుషుల దగ్గర కూర్చుంటే నాకు అరికాళ్ళు మండుతాయి.

వచ్చీ రాగానే ఆవిడకి మొత్తం చెప్పాను. పొద్దున ఇదేదో తెర మీద అడిగింది తల్లీ, కొత్తది వచ్చింది వేసుకుంటావా అని, ఈయన వేసుకున్నాడు, ఆరిపోయి మళ్ళీ వెలిగింది, అన్నీ ఉన్నాయి, బొమ్మలున్నాయి, పాటలున్నాయి, గొంతే లేదు. గొంతేంటక్కా అంది. అప్పుడు సంచీలోంచి ఆ చిన్న పెట్టె తీసి చూపించాను. సబ్బు పెట్టెంత ఉంటుంది, వైరు గుచ్చితే నీలంరంగు దీపం వెలగాలి, ఇవాళ వెలగలేదు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, ఏవేవో అక్షరాలు టైపు చేసి, పెదవి విరిచింది. “కెర్నెల్ మారిందక్కా. కెర్నెల్ అంటే దీనికి గుండెకాయ అనుకో. పైన ఎన్ని ప్రోగ్రాములున్నా అన్నీ దాన్ని అడిగే పనిచేసుకోవాలి. మీ పెట్టెకి ఒక డ్రైవర్ ఉంది చూడు, అది పాత కెర్నెల్‌తో మాట్లాడటమే నేర్చుకుంది. కొత్తది వచ్చి కూర్చుంది. దీన్ని గుర్తుపట్టట్లేదు.” డ్రైవరంటే నాకు తెలిసినవాళ్ళందరూ బస్సులు నడిపేవాళ్ళే. కానీ మిగిలింది అర్థమైంది. నా కొత్త మిషనుకి పాత మిషను బాబిన్ పట్టదు, చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి, గోరంత తేడా, ఆ గోరంతతో దారం చిక్కుపడి చస్తుంది. “మరి కొత్తది ఎందుకు వెయ్యడం, పాతది బానే ఏడ్చిందిగా?” అన్నాను. పాతదానికి కన్నాలుంటాయక్కా, దొంగలు దూరతారు, అందుకని మారుస్తారు అంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అనబోయి, పక్కన ఆయనున్నాడని గుర్తొచ్చి మింగేశాను. ఇదొకటి నాకు. ఈ ఏడాదిలో నోరు తెరిస్తే గొంతు సామెతలే వస్తున్నాయి. పీకల మీదికొచ్చింది, గొంతులో వెలక్కాయ పడింది, గొంతెమ్మ కోరిక. ఇన్ని మాటలు ఈ ఒక్క అవయవం మీదే ఎందుకు పుట్టించారో మనవాళ్ళు.

ఆ గొంతు ఎలాంటి గొంతని! మా ఆయన్ని మార్కెట్లో గంట అంటారు. గంట వచ్చాడా, గంట తిన్నాడా, ఇలాగే అడిగేవాళ్ళు నన్ను కూడా. కూరగాయల టోకు మార్కెట్లో వేలం పాడేవాడు. తెల్లవారుజామున లారీలు దిగుతుంటే, గోనెసంచుల మీద నిలబడి ఒకటోసారి, రెండోసారి అంటూ సాగదీసేవాడు, ఆ రెండోసారికీ మూడోసారికీ మధ్య ఆగే ఆపుంది చూశారూ, అక్కడే ధర పెరిగేది. వీధి చివర మా ఇంట్లో పడుకుని ఆ ఆపు వినేదాన్ని నేను. ఊపిరి బిగపట్టి వినేదాన్ని, నేనేదో టమాటాలు కొనేదాన్నైనట్టు. అప్పుడెప్పుడైనా ఆ గొంతుని మెచ్చుకున్నానా? కాస్త మెల్లగా మాట్లాడండి, పక్కింటివాళ్ళకి మన కూరేమిటో తెలిసిపోతోంది అనేదాన్ని. తర్వాత బొంగురు వచ్చింది, తగ్గలేదు, డాక్టరు లైటు వేసి చూశాడు, ఇంకో డాక్టరు దగ్గరికి పంపాడు, ఆ రెండో డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడంటే కబురు మంచిది కాదని ఎవరికి తెలియదు. గొంతు తీసేస్తే మనిషి ఉంటాడన్నాడు. మా ఆయన నా వైపు చూశాడు. ఆ ఒక్కసారి మాత్రం మీ ఇష్టం అనలేదు నేను. తీసేయించుకోండి అన్నాను.

తీసేయకముందు ఆ గొంతుని రికార్డు చేసి దాచుకోవచ్చని ఆ ఆస్పత్రిలోనే ఎవరో చెప్పారు. ఇద్దరు భాగస్వాములు నడిపే చిన్న కంపెనీ, మేడ మీద ఒక గది, గోడలకి పరుపులు కొట్టినట్టు ఉంది. అందులో కూర్చోబెట్టి చదివించారు. వాక్యాలు వాక్యాలు. బస్సు ఎప్పుడు వస్తుంది. నాకు మంచినీళ్ళు కావాలి. అక్కా, భోంచేశావా. ఆ చివరిది ఆయనే రాయించుకున్నాడు. బయట కిటికీ అద్దంలోంచి చూస్తున్నాను నేను. మెడకి గుడ్డ చుట్టుకుని, మార్కెట్లో నిలబడ్డట్టు ఛాతీ విరుచుకుని చదువుతున్నాడు. బొంగురుపోయిన గొంతుకి పాత పెళ్ళి వీడియోలోవి, మార్కెట్ సంఘం మీటింగులోవి ముక్కలు కలిపి మెరుగుపెట్టారట. ఆయన ఏది టైపు చేస్తే అది ఆ గొంతుతో పెట్టె పలుకుతుంది. హుషారుగా చదవండి, హుషారుగా అని ఆ కుర్రభాగస్వామి చేతులూపుతున్నాడు. హుషారుగానే చదివాడు పాపం. ఇప్పుడా కంపెనీ లేదు. ఇవాళ ముందు అక్కడికే పరిగెత్తాం. మేడ మీద చెప్పులు అమ్ముతున్నారు. ఆ పరుపుల గదిలో అట్టపెట్టెలు పేర్చారు, మీ సైజెంత మేడమ్ అని అడిగింది అక్కడి పిల్ల. ఏమని చెప్పను?

పట్టీ సగం దాటింది. ఆయన మెడ దగ్గరి గుడ్డ సరిచేసుకున్నాడు. గొంతు కింద చిన్న రంధ్రం ఉంటుంది, ఊపిరి అక్కడినుంచే. దానిమీద కప్పుకోవడానికి మెత్తటి నూలు గుడ్డలు నేనే కుడతాను, వారానికి సరిపడా, చొక్కా రంగుకి తగ్గట్టు. ఇవాళ బూడిదరంగు చొక్కా మీద తెల్లది వేసుకున్నాడు, కంగారులో నేను చూడలేదు. ఎవరైనా చూస్తే ఈవిడ చేతకానిదనుకుంటారు. ఛ, ఇప్పుడు ఇదా నాకు కావలసింది. కానీ మనసు అంతే, ఇల్లు కాలుతుంటే గుమ్మం ముందు ముగ్గు చెరిగిందా అని చూస్తుంది.

వదినకి ఎందుకు చెప్పలేదు? చెప్పొద్దన్నది ఆయనే. పలక మీద రాసి మరీ చెప్పాడు, ఆస్పత్రి మంచం మీద. వదినకి పెళ్ళికి ముందే చూపు పోయింది, పద్ధెనిమిదో పందొమ్మిదో ఉంటాయేమో ఆవిడకి. ఈయన అప్పటికి గోచీ పెట్టుకునేవాడు. వాళ్ళమ్మ పనికి పోతే ఈయన్ని చూసుకునేది ఆవిడే. చూపులేని మనిషి, కాలు నిలవని పిల్లాడిని ఎలా చూసుకుంటుంది? మాట్లాడుతూ ఉండరా అనేదట. మాట్లాడుతూ ఉండు, ఎక్కడున్నావో తెలియాలి. ఈయన మంచం కింద దూరినా, గోడెక్కినా, ఏదో ఒకటి వాగుతూనే ఉండేవాడట. మాటలు అయిపోతే అంకెలు, అంకెలు అయిపోతే వీధిలో కనబడ్డవాటి పేర్లు. ఆగితే కొట్టేదట. అలా తయారైంది ఆ గొంతు. మార్కెట్టు తర్వాత సంగతి. ఆవిడకి ఈయన మొహం తెలియదు, గోచీ వయసు మొహమే తెలుసు. ఆవిడకి తమ్ముడంటే గొంతే. అది కోసేశారని ఎలా చెప్పడం, ఎవరు చెప్తారు? రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం, ఎప్పుడోగానీ వెళ్ళం, ఫోనులో పెట్టె మాట్లాడుతుంది, ఆయన టైపు చేసేదాకా ఆలస్యమైతే లైను బాలేదు వదినా అంటాను నేను. నమ్మింది. ఏడాదిగా నమ్ముతోంది.

నమ్మింది గానీ, వదిన భర్త, మా అన్నయ్యగారు, పోయిన రోజుంది చూశారూ. రెండు నెలలైంది. ఈయనకి ఇంకా మందులు, రేడియేషను నడుస్తున్నాయి, కదలకూడదన్నారు. మార్కెట్లో సీజను అని అబద్ధం చెప్పాం, మొగుడు పోయిన మనిషికి సీజను అని చెప్పాం. ఫోను చేశాం. ఈయన టైపు చేసి, బొత్తాం నొక్కాడు. ‘అయ్యో అక్కా’ అంది పెట్టె. ఎలా అంది? టమాటా ధర పెరిగినట్టు అంది. హుషారుగా. అదొక్కటే వచ్చు దానికి. ‘ధైర్యంగా ఉండక్కా’ అంది, బేరం కుదిరినట్టు. అటువైపు వదిన “నీకేంట్రా, నువ్వెప్పుడూ హుషారే” అని పెట్టేసింది. ఆయన ఫోను కింద పెట్టేశాడు. ఏడిచాడు. చప్పుడు లేకుండా ఏడవడం ఎలా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది. చప్పుడు ఆపుకుని ఏడవడం అందరం చూశాం, ఇది అది కాదు, చప్పుడే లేదు లోపల. నేను వెళ్ళి వీపు నిమిరాను. చెయ్యి విదిలించలేదు గానీ నా వైపు తిరగలేదు.

అప్పటినుంచే ఆ గాలి మింగడం మొదలైంది. ఆస్పత్రిలో ఒక టీచరమ్మ ఉంది, గొంతు పోయినవాళ్ళకి మాట నేర్పుతుంది. గాలి మింగాలట, కడుపులోకి పోకముందే పైకి తెచ్చి, దాంతో మాట చెయ్యాలట. ఎలా ఉంటుందంటే, చెప్పకూడదు గానీ, తేన్పులా ఉంటుంది. ముసలి కప్ప తేన్చినట్టు. పొద్దున లేచిన దగ్గర్నుంచి స్నానాల గదిలో అదే, పెరట్లో అదే. నాకు చిరాకు. ఉన్నమాట చెప్తున్నాను, నాకు చిరాకే. బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళు అదేంటండీ అని అడిగితే నాకు తలకొట్టేసినట్టయ్యేది. బంగారంలాంటి గొంతు పెట్టెలో ఉండగా ఈ ఖర్మేమిటి? టైపు చెయ్యండి అనేదాన్ని. ఏం కావాలో టైపు చెయ్యొచ్చుగా. రాత్రి అన్నం దగ్గర ఏదో అనబోయాడు, అర్థం కాలేదు, పెట్టె ముందుకు తోశాను. అన్నం కలుపుకున్న చెయ్యి అలాగే పట్టుకుని పెట్టెని చూసి, మళ్ళీ కంచంలో చెయ్యి పెట్టాడు. ఆ పెట్టె మాట్లాడితే నాకు కడుపు నిండుతుంది, నిజం, ఆయన పక్కనే ఉన్నా కళ్ళు మూసుకుని దాన్నే వింటాను. ఎవరితో కాపురం చేస్తున్నాను నేను?

ఇవాళ పొద్దున కూడా. అక్, అక్ అని ఒకటే చప్పుడు. ఎక్కిళ్ళేమో అనుకున్నాను. ప్యాంటు అంచు విప్పుతున్నాను, కత్తెర జారి బట్ట మీద గాటు పడింది, పరాయివాళ్ళ ప్యాంటు. పొద్దున్నే ఏమిటండీ ఆ గోల, పీక్కుపోతోంది ప్రాణం అన్నాను. చప్పుడు ఆగింది. కాసేపటికి బల్ల మీద వేలితో కొట్టాడు, నన్ను పిలవడం అది. వెళ్తే తెర మీద ఆ డబ్బా. కొత్త రూపం సిద్ధంగా ఉంది, ఇప్పుడు వేయమంటారా, తర్వాతా. చెప్పు అన్నట్టు చూశాడు. నా చేతిలో ఆ చినిగిన ప్యాంటు. మీ ఇష్టం అన్నాను. ఎలా అన్నాను? పళ్ళు బిగించి అన్నాను. పసిపిల్లాడికైనా తెలుస్తుంది అది వద్దని. ఆయన నన్ను చూశాడు. చూస్తూ చూస్తూ, తెర వైపు తిరక్కుండానే నొక్కాడు.

అదీ. నన్ను చూస్తూ నొక్కాడు. ఇప్పటిదాకా ఆ మాట నాకు నేను చెప్పుకోలేదు.

“అయిందక్కా!” అంది రిపేరావిడ. నా పాదం జారి స్టూలు ఠక్కుమని ఒరిగింది. గడియారం వైపు చూడాలనిపించలేదు. “నీ అదృష్టం, పాతదాన్ని పారెయ్యలేదిది, పక్కన పెట్టుకుంది. ఇంకో రెండుసార్లు కొత్తవి వేస్తే తుడిచేసేది.” ఆర్పి వెలిగించింది. నల్లటి తెర మీద రెండే వరుసలు. పైన కొత్తది, కింద పాతది. “ఇదిగో, వెలిగించగానే ఇలా ఆగుతుంది. బాణం కిందికి నొక్కితే పాతది. ఏమీ నొక్కకపోతే కొంచెంసేపు చూసి కొత్తదాంట్లోకే పోతుంది.” కిందికి నొక్కింది. తెర నిండా అక్షరాలు జలజలా పారాయి. సబ్బు పెట్టెకి నీలం దీపం వెలిగింది. ఆవిడ ఏదో టైపు చేసింది. “బాగున్నారా! అంతా కులాసాయేనా!” అంది మా ఆయన గొంతు, షాపంతా మోగిపోయేలా, గోనెసంచుల మీద నిలబడి. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. బతికించావు తల్లీ అని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. “ఇక ఎప్పుడూ పాతదే వచ్చేలా పెట్టెయ్యనా?” అంది. పెట్టెయ్ అనడానికి నోరు తెరిచి ఆయన వైపు తిరిగాను. ఆయన వీధి వైపే చూస్తున్నాడు. మొహంలో వెలుగు లేదు. పెట్టెలో మోగింది ఎవరి గొంతో అన్నట్టు కూర్చున్నాడు.

ఫోను మోగింది. వదిన.

రిపేరావిడకి ఏం తెలుసు, మంచిది కదా అని కంప్యూటరు ఆయన ముందుకు తిప్పి పెట్టింది. ఎప్పటిలా స్పీకరు నొక్కి, ఫోను దాని పక్కన పెట్టబోయాను. ఆయన నా చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. పెదాలు బిగించి గాలి మింగాడు. మెడ నరాలు లేచాయి.

“అక్...కా.”

పొద్దున్నుంచీ నేను ఎక్కిళ్ళనుకున్నది ఆ మాట.

“ఎవరండీ?” అంది వదిన. “నంబరు తప్పిందా? మా తమ్ముడికి ఇవ్వండి.”

ఆయన మళ్ళీ గాలి మింగాడు. రాలేదు. ఇంకోసారి మింగాడు, కళ్ళు ఎర్రబడ్డాయి, రాలేదు. “హలో, ఎవరు నాయనా మీరు? మావాడేడీ? వాడికేమైంది?” వదిన గొంతు పెరిగిపోతోంది. తెర మీద వరసగా తయారుగా ఉన్న వాక్యాలు, అన్నిటికన్నా పైన అదే, అక్కా భోంచేశావా. నా వేలు దానిమీద ఉంది. ఎప్పుడు వెళ్ళిందో నాకే తెలియదు. నొక్కితే చాలు, ఆవిడ కంగారు చిటికెలో పోతుంది, అందరం మళ్ళీ పాతచోటికే వెళ్ళిపోతాం. “నొక్కనా?” అన్నాను గొంతు తగ్గించి.

ఆయన నన్ను చూశాడు. పొద్దున చూసినట్టే. మెడ కింద గుడ్డ మీద వేలు ఆనించి, గాలి మింగి, ఒక్కో అక్షరం పైకి తోస్తూ అన్నాడు.

“నీ... ఇష్టం.”

వేలు తీసేశాను.

“వదినా, నేను” అన్నాను ఫోనులోకి వంగి. “ఆ మాట్లాడింది మీ తమ్ముడే. గొంతుకి జబ్బు చేసింది, కోసేశారు. ఏడాదైంది. ఇన్నాళ్ళూ మీతో మాట్లాడింది ఆయన పాత గొంతు దాచిన పెట్టె. అన్నయ్యగారు పోయినప్పుడు కూడా అదే మాట్లాడింది, ఆయన కాదు వదినా. అప్పుడాయన పక్కన కూర్చుని ఏడుస్తున్నాడు.”

వదిన వెనకాల మోగుతున్న రేడియో ఆగిపోయింది. రిపేరావిడ మరలున్న మూతని కదపడం మానేసింది. ఆయన ఫోను మొహానికి ఇంకా దగ్గరగా పట్టుకున్నాడు.

“అక్కా” అన్నాడు. ఈసారి విరగకుండా వచ్చింది.

వదిన ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది.

“మాట్లాడుతూ ఉండరా” అంది. “ఎక్కడున్నావో తెలియాలిగా నాకు.”